ఒక్క ‘కదా’కు ఒక చింతగింజ

(ఒంగోలులో ఉపాధ్యాయులు, యువజన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. తడబాట్లు సరిచేసి, మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

చదువు మధ్యలో ఆపేసిన పిల్లల సంగతి పిల్లలే అడిగి తెలుసుకునేలా, ‘తోటి పరిశోధకులు’గా వాళ్లను తయారు చేసిన వేసవి శిబిరం గురించి మాట్లాడడానికి వచ్చాను. ఆహ్వానపత్రంలో నా పేరు పక్కన ‘శిబిర నిర్వాహకురాలు’ అని అచ్చు వేశారు. నడిపినవాళ్లు వేరే ఉన్నారు, చూస్తే నొచ్చుకుంటారు. నేను సాయానికి వెళ్లినదాన్ని. పరుపులు లెక్కపెట్టడం, దోమల చక్రాలు పంచడం, జ్వరం మాత్రల డబ్బా దగ్గర పెట్టుకోవడం, వంటావిడ రాని పూట గరిటె పట్టడం, పాఠం చెప్పేవారి గొంతు పట్టేస్తే ఆ గంట నేను నిలబడడం. 5 రోజులు నా ఉద్యోగం అది. పరిశోధన పద్ధతుల మీద ఉపన్యాసం ఉంటుందనుకుని వచ్చినవారు ఎవరైనా ఉంటే నన్ను క్షమించాలి. వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే ఎంత కనిపిస్తుందో అంతే చెబుతాను. కాకపోతే ఆ గుమ్మం దగ్గర నుంచి నేను అనుకున్నదానికన్నా ఎక్కువే కనిపించింది.

‘తోటి పరిశోధకులు’ అంటే ఎవరో ముందు చెప్పాలి. చదువు మధ్యలో ఆపేసిన పిల్లల సంగతి తెలుసుకోవాలంటే మామూలుగా ఏం జరుగుతుంది? ఎక్కడి నుంచో ఇద్దరు వస్తారు. చేతిలో ప్రశ్నల పత్రం ఉంటుంది. ఊళ్లో పెద్దాయన అరుగు మీద కూర్చుంటారు. పిల్లల్ని అక్కడికే పిలిపిస్తారు. పెద్దాయన వింటూ ఉండగా పిల్లలు ఏం చెబుతారో మీకు తెలియనిది కాదు. ఈ పద్ధతిలో ఆ పని అదే బతుకు బతికిన పిల్లల చేతికి ఇస్తాం. ప్రశ్నలు వాళ్లే తయారు చేసుకుంటారు, వాళ్లే వెళ్లి అడుగుతారు, విన్నదానికి అర్థం ఏమిటో కూడా వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. మా శిబిరానికి 16 నుంచి 21 ఏళ్ల లోపు వాళ్లు 22 మంది వచ్చారు. కొందరు కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్ల వాళ్లు, కొందరు కొండపి పొగాకు ఊళ్ల వాళ్లు, మిగతావాళ్లు నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల పక్కన పెరిగినవాళ్లు. శిబిరం కావలి దగ్గర. అటు నెల్లూరు నుంచి, ఇటు ఒంగోలు నుంచి బస్సులో వచ్చి పడడానికి వీలు అని అక్కడ పెట్టారు.

మన ప్రాంతం గురించి వివరాలు రాసుకున్నవాళ్లకు కొదవ లేదు. 1873లో బాస్వెల్ అనే ఆంగ్లేయ అధికారి నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చు వేయించాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చాడు. జనం ముక్కుల వెడల్పు, తలల చుట్టుకొలత కొలిచిన మనిషి ఆయన. 1962లో మన నెల్లూరు జిల్లావారే, యానాదులు అనే గిరిజన తెగ కోసం జీవితం వెచ్చించిన వెన్నెలకంటి రాఘవయ్య గారు వారి మీద పుస్తకం వెలువరించారు. థర్‌స్టన్‌నూ రాఘవయ్య గారినీ ఒక గాటన కట్టడం అన్యాయం, నేను కట్టడం లేదు. అయినా ఇద్దరి దగ్గరా ప్రశ్న ఒకరిది, జవాబు యానాదులది. మా 22 మందిలో ముగ్గురు యానాది పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో నోట్‌బుక్ పట్టుకుని ఎదుటివాళ్లను ప్రశ్నలు అడిగిన మొదటి తరం వాళ్లే.

శిబిరం మొదటి రోజు మధ్యాహ్నం మొదలైంది. మొదటి గంటలో ఎవరూ పాఠం మీద మనసు పెట్టలేదు. మే నెల ఎండ, సగం మందికి బస్సు తలనొప్పి, ఆడపిల్లల ఇళ్ల నుంచి ఫోన్లు. ‘చేరాం నాన్నా, గదికి గడియ ఉంది నాన్నా, ఆడ టీచర్ ఉన్నారు నాన్నా’ అని వరసగా జవాబులు. ఆ ఆడ టీచర్‌ని నేనే కాబట్టి నలుగురు తండ్రులతో మాట్లాడాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గ్లాసు అందుకుని ముందు ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంది. ఒక క్షణం ఆగి, తర్వాత తాగింది. పక్కన కూర్చున్న తీరప్రాంతపు అబ్బాయి నవ్వాడు, ‘నీళ్లు కూడా రుచి చూస్తారా’ అని. ఆ పిల్ల తేలిగ్గానే చెప్పింది. ‘మా ఊళ్లో బోరు నీళ్లు తాగి మా తాతకు నడుం వంగిపోయింది. ఏ ఊరికి వెళ్లినా ముందు ఇలా చూడడం అలవాటైంది’ అని. తాగే నీళ్లలో లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనిచోట 1.5 వరకు సహించవచ్చనీ మన దేశ ప్రమాణం. ఫ్లోరైడుకు రుచి ఉండదు, నాలుకతో తెలియదు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసట, అయినా చూస్తుందట. నవ్విన అబ్బాయి ఆ తర్వాత భోజనం అయ్యేదాకా మాట్లాడలేదు. సాయంత్రం చూస్తే ఇద్దరూ నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని ఉన్నారు. మీ ఇంట్లో నీళ్లు ఎవరు తెస్తారు, ఎంతసేపు పడుతుంది, ఆ సమయంలో బడి బస్సు వెళ్లిపోతుందా అని వాడు అడుగుతున్నాడు, ఆ పిల్ల చెబుతోంది. పాఠం మొదలుకాక ముందే పరిశోధన మొదలైందని నేను లోపలికి వెళ్లి చెబితే నిర్వాహకులు నమ్మలేదు.

రెండో రోజు ‘రోజు గడియారం’ వేయించారు. కాగితం మీద పెద్ద గుండ్రం గీసి, 24 గంటలుగా విడగొట్టి, ఏ గంటలో ఏం చేస్తారో నింపమనడం. పల్లెల్లో పనిచేసేవాళ్లకు ఇది పాత పద్ధతే. అందరూ తలవంచుకుని గీస్తుంటే కొండపి వైపు అబ్బాయి పెన్సిల్ కింద పెట్టి అడిగాడు. ‘ఏ నెల గడియారం వేయాలి సార్?’

నేర్పేవారి దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ ప్రశ్నే ఆయన దగ్గర లేదు. ఆ అబ్బాయిది పొగాకు ఇల్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆకు కోత, కర్రలకు ఆకు కట్టడం, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కనిపెట్టుకుని ఉండడం. ఆ నెలల్లో వాడి గడియారంలో నిద్ర 4 గంటలు, అదీ రెండు ముక్కలుగా. జూన్ గడియారంలో నిద్ర 8 గంటలు, మధ్యాహ్నం ఒక గంట క్రికెట్. వార్షిక పరీక్షలు ఏ గడియారంలో వస్తాయో మీకు వేరే చెప్పాలా? వాడు రెండు గడియారాలు గీశాడు. వాడిని చూసి తీరం పిల్లలు కూడా రొయ్యలు పట్టే రోజుల గడియారం విడిగా గీశారు. తండ్రులు హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడం పనులకు వెళ్లే మెట్ట ఊళ్ల పిల్లలు, నాన్న ఊళ్లో ఉన్న నెలల గడియారం ఒకటి, లేని నెలలది ఒకటి గీశారు. నేను 27 ఏళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ఫిబ్రవరిలో తరగతిలో నిద్రపోయిన పిల్లల మీద ఎన్ని సుద్దముక్కలు విసిరానో ఆ రోజు లెక్కకు వచ్చింది.

ఇక అసలు సంగతి, ప్రశ్న అడగడం. ఇందులో ఎక్కువసేపు ఉంటాను, ఏమీ అనుకోకండి.

మన భాషలో ‘ఎందుకు’ అనే మాట ఉంది. వ్యాకరణంలో అది ప్రశ్న, ఇంట్లో అది తిట్టు. ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని అమ్మ అడిగితే కారణం తెలుసుకోవడానికి అడిగిందని ఏ పిల్లా అనుకోదు. అలాంటప్పుడు ‘చదువు ఎందుకు మానేశావు?’ అని ఒక పిల్లను మరో పిల్ల అడిగితే, అవతలి పిల్ల మొదట చేసే పని తలదించుకోవడం. ఆ తర్వాత వచ్చేది సంజాయిషీ. సంజాయిషీ మీద పరిశోధన ఏం చేస్తాం? అందుకని శిబిరంలో రెండో రోజు సాయంత్రం నుంచి ‘ఎందుకు’ను పక్కన పెట్టించారు. ‘నువ్వు బడికి వెళ్లిన చివరి రోజు ఎలా గడిచింది?’ అని అడగండి అన్నారు. తేడా చెవికే తెలుస్తుంది. చివరి రోజు అనగానే ఆ పిల్ల ఆ రోజులోకి వెళ్లిపోతుంది. ఆ రోజు ఎండగా ఉందా, వానగా ఉందా, ఎవరితో కలిసి ఇంటికి వచ్చింది, సంచి ఎక్కడ పెట్టింది, అన్నీ చెబుతుంది. కారణం ఆ మాటల మధ్యలో అదే బయటికి వస్తుంది.

రెండో శత్రువు ‘కదా’. ‘అప్పుడు నీకు బాధగా ఉండింది కదా?’ అంటాం. ఉంది అనక తప్పుతుందా? మనం తెలుగువాళ్లం ఎదుటివాళ్ల మాట కాదనడానికి మొహమాటపడతాం. కాబట్టి ‘కదా’తో ముగిసే ప్రశ్నకు వచ్చిన జవాబు అడిగినవాడిదే. దీన్ని ఎలా మాన్పించాలి? మా వంటావిడ చింతపండు గింజలు తీసి పళ్లెంలో పెట్టి ఉంచింది. అవి నాకు ఉపాయంగా తోచాయి. ఒక్కొక్కరికి 20 గింజలు ఇచ్చాం. సాధన ఇంటర్వ్యూలో ‘కదా’ దొర్లితే ఒక గింజ చెంబులో వేయాలి. మొదటి సాయంత్రానికి చెంబు నిండింది. మూడో రోజు రాత్రికి అడుగున నాలుగైదు కనిపించాయి. అందులో రెండు నావి. ‘భోజనం బాగుంది కదా?’ అని అడిగి దొరికిపోయాను. ఈ ప్రసంగంలో కూడా ఎవరైనా లెక్కపెడుతుంటే చివర్లో చెప్పండి, గింజలు తెచ్చుకోలేదు కానీ అప్పు ఉంటాను.

అయితే ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటి ఉంది. తోటివాళ్లు అడిగితే నిజం చెబుతారన్న నమ్మకం మీదే ఈ పద్ధతి అంతా నిలబడి ఉంది. తోటివాళ్లకు ముందే అంతా తెలుసు. అక్కడే వస్తుంది తంటా.

తీరప్రాంతం నుంచి ఇద్దరు స్నేహితురాళ్లు వచ్చారు. ఒకే వీధి. ఒకమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఇంకొకమ్మాయి పదో తరగతితో ఆగి రొయ్యల షెడ్డులో తలలు గిల్లే పనికి వెళుతోంది. మొదటి అమ్మాయి రెండో అమ్మాయిని ఇంటర్వ్యూ చేసింది, ఫోనులో రికార్డు చేసింది. తర్వాత అందరం కూర్చుని విన్నాం. విన్నది విన్నట్టు కాగితం మీద రాయించారు. అడిగిన అమ్మాయి మాటలు 41 వరుసలు, జవాబు చెప్పిన అమ్మాయి మాటలు 6 వరుసలు. ‘నాకు తెలుసులే, మీ నాన్న అప్పు’ అంటుంది ఈ పిల్ల. ‘ఊఁ’ అంటుంది ఆ పిల్ల. ‘ఆ యేడు చెరువుకు తెగులు వచ్చి పెట్టుబడి పోయింది, ఇంట్లో జరగలేదు’. ‘ఊఁ’. ఆ కాగితం చూసుకుని అడిగిన అమ్మాయి మొహం ఎర్రబడింది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనలేదు, ఆ అవసరం కూడా లేకపోయింది.

మర్నాడు మళ్లీ అడిగింది. ఈసారి నిబంధన ఏమిటంటే, నువ్వు ఆ వీధిలో పుట్టలేదు, రాత్రి రైలు దిగి పొద్దున్నే వచ్చావు, నీకు ఏమీ తెలియదు. మొదట ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వులు అయ్యాక అడిగింది, బడికి సంబంధించి నువ్వు చివరిసారి ఏ పని మీద వెళ్లావు అని. అప్పుడు వచ్చింది జవాబు. పదో తరగతి మార్కుల మెమోలో ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆధార్‌లో ఒకలా, మెమోలో ఒకలా ఉంది. దిద్దించుకుని వస్తే గానీ చేర్చుకోమన్నారు. ఆ కాగితం కోసం ఈ పిల్ల తండ్రితో కలిసి మూడు సార్లు తిరిగింది. మూడుసార్లూ కూలి పోయింది. నాలుగోసారి తండ్రి రానన్నాడు. అంతలో చేరికల గడువు దాటింది. ‘ఒక్క యేడు ఆగి చేరదాం అనుకున్నా, ఈలోపు షెడ్డు అలవాటైంది’ అంది. అప్పు సంగతి నిజమే. కానీ అప్పు ఉన్నా చదవాలనే ఆ ఇంట్లో అనుకున్నారు.

పక్కింటి పిల్లకు, ప్రాణస్నేహితురాలికి రెండేళ్లుగా ఈ మాట తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు. అడగకపోవడానికి కారణం తెలుసుననుకోవడం. గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక నుంచి ఒక అబ్బాయి ‘మా అక్కకు పుట్టినతేదీ తప్పు పడింది’ అన్నాడు. ఇంకొకరు ‘మా బాబాయి కొడుక్కి కులధ్రువీకరణ’ అన్నారు. ఆ సాయంత్రం పిల్లలు తమ పరిశోధన ప్రశ్ననే మార్చుకున్నారు. పేదరికం వల్ల చదువు ఆగుతోందని చెప్పడానికి మేము 5 రోజులు ఇక్కడ ఉండక్కర్లేదు, ఏ కాగితం దగ్గర ఆగుతోందో అడుగుతాం అన్నారు. ముందే అచ్చు వేయించి పెట్టిన ప్రశ్నల పత్రాలు రెండు కట్టలు మిగిలిపోయాయి. వాటి వెనక వైపు ఇప్పటికీ మా ఇంట్లో పాలలెక్క రాస్తున్నాం.

కాగితం మాట వచ్చింది కాబట్టి నాలుగో రోజు సంగతి చెప్పాలి. పొద్దున్న 7 గంటలకే, ఎండ ముదరక ముందు, దగ్గరలోని ఒక యానాది కాలనీకి వెళ్లాం. బయలుదేరే ముందు పిల్లల మధ్య పెద్ద వాదన. ఎవరిని ‘నువ్వు’ అనాలి, ఎవరిని ‘మీరు’ అనాలి? స్నేహితుణ్ని ‘మీరు’ అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది, పెద్దవాళ్లను ‘నువ్వు’ అంటే తక్కువ చేసినట్టు ఉంటుంది. చివరికి, వయసులో పెద్దవాళ్లు ఏ ఇంట్లో ఉన్నా ‘మీరు’ అనాలని తేల్చుకున్నారు. వినడానికి మామూలు మర్యాదే. కాలనీలో మొదటి ఇంటి ముందు డెబ్బై దాటిన ఒక తాత వల అల్లుకుంటూ కూర్చున్నాడు. మా అబ్బాయి, ఊళ్లో భూమి ఉన్న ఇంటివాడు, వంగి ‘మీరు ఎన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నారండీ?’ అని అడిగాడు. ఆ తాత వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారేమో, వాళ్లను అడుగుతున్నాడేమో అని. ఎవరూ లేరని చూసుకుని మళ్లీ వల మీదకు వంగాడు.

మాటలు బాగానే నడిచాయి. చెరువు కాపలా, ఎలుకల వేట, వరద వచ్చిన యేడు, అన్నీ చెప్పాడు. చివర్లో పద్ధతి ప్రకారం అంగీకారపత్రం తీశారు, చదివి వినిపించారు, వేలిముద్ర కోసం సిరా డబ్బా మూత తీశారు. అంతే, తాత చెయ్యి లుంగీ మడతలోకి వెళ్లిపోయింది. ‘వేలు వద్దు’ అన్నాడు. మా నాయన వేలుముద్రలు వేసి వేసి చచ్చాడు, పేరు పిలిస్తే పలకాలి, పలకకపోతే వెతుక్కుంటూ వస్తారు, మా చేత వేయించకండి అన్నాడు.

మా పిల్లల్లో సగం మందికి ఏమీ అర్థం కాలేదు. ఆ రాత్రి చెప్పాను, ఆ గంట పాఠం నాది. 1871లో నేరస్థ తెగల చట్టం అని ఒకటి వచ్చింది. 1911లో మన జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. ఒక తెగలో పుట్టడమే నేరం. పేరు నమోదు, వేలిముద్ర, రోజూ హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. మేం కూర్చున్న చోటికి దగ్గరలోనే, బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్పలో అలా నమోదైనవాళ్లను నిఘాలో ఉంచే సెటిల్‌మెంటు ఉండేది. కావలిలో ఎరుకల వారికి మరొకటి. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. అంటే తాత చెప్పింది పురాణం కాదు, వాళ్ల నాన్న బతుకు. మన పిల్లలు మర్యాదగా, చట్టబద్ధంగా, ఆయన మేలు కోరి చాచిన సిరా డబ్బా ఆ ఇంటికి ఎలా కనిపించిందో ఆలోచించండి.

ఏం చేయాలో తేల్చింది యానాది పిల్లల్లో ఒకమ్మాయి. సంతకం వద్దు, వేలు వద్దు, నోటితో చెప్పించుకుందాం, చెప్పిన మాటను మనం రాసి మన సంతకం మనం పెడదాం. ఆయన ఒప్పుకున్నాడని హామీ మనమే ఇద్దాం. ఇంకో మాట కూడా చేర్చింది. ప్రశ్న నచ్చకపోతే ‘దాటేస్తాను’ అంటే చాలు, కారణం అడగకూడదు. అప్పటి నుంచి శిబిరంలో ‘దాటేస్తాను’ చట్టమైంది. అన్నాల దగ్గర కూడా. ‘ఇంకొంచెం పప్పు వేయనా?’ ‘దాటేస్తాను టీచర్.’

రాత్రుల గురించి క్లుప్తంగా చెబుతాను. పగలు విన్నది రాత్రి పిల్లలకు గుర్తొస్తుంది, తమ ఇల్లు గుర్తొస్తుంది. ఒక రాత్రి 11 గంటలకు ఒకమ్మాయి వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుంది. ఏం చెప్పిందో ఇక్కడ చెప్పను, ఆ కథ ఆ పిల్లది. సాయానికి వెళ్లేవాళ్లు తెలుసుకోవలసింది మాత్రం చెబుతాను. ‘నేను ఎవరికీ చెప్పను’ అని ఒట్టు వేయకండి. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విన్నవాళ్ల బాధ్యత. ఒట్టు వేసి తర్వాత చెబితే ఆ పిల్ల జీవితంలో మరో పెద్దమనిషిని నమ్మదు. నీ క్షేమం కోసం అవసరమైతే ఒకరిద్దరికి చెప్పవలసి వస్తుంది, చెప్పేముందు నీకు చెబుతాను అని మొదటి రోజే అందరి ముందు అనేయండి. పిల్లల సహాయానికి ఫోను చేసే 1098 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించండి. మా అదృష్టం, ఆ రాత్రి సంగతి అంత దూరం వెళ్లలేదు. మజ్జిగ కలిపి ఇచ్చాను, రెండు గంటలు విన్నాను, పడుకుంది.

మూడో రోజు నీళ్ల మోటారు కాలిపోయింది. బాగుచేసే మనిషి రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. మే నెలలో 22 మందికి బకెట్లతో నీళ్లు మోయడం గురించి వివరంగా చెబితే మీకు ఇప్పుడే దాహం వేస్తుంది. దాటేస్తాను.

చివరి రోజు పిల్లలు తాము కనుక్కున్నది చెప్పడానికి సభ పెట్టారు. ఒక పెద్దమనిషి వచ్చారు, ఎవరో చెప్పను. వస్తూనే శాలువా, మాల. ఆ తర్వాత పిల్లలను ఒక దేశభక్తి పాట పాడమన్నారు. పాడారు. ఫొటో దిగారు. పిల్లలు నివేదిక తెరిచేలోపు ఆయనకు ఫోను వచ్చింది, వెళ్లిపోయారు. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాస్తూ పిల్లల భాగస్వామ్యానికి 8 మెట్ల నిచ్చెన ఒకటి చెప్పాడు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంటాడు. పిల్లలను తోలుబొమ్మలుగా ఆడించడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం. పిల్లలకు తమ సంగతుల్లో అభిప్రాయం చెప్పే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. ఆ ఒడంబడికలో మన దేశం చేరిందీ 1992లోనే. అందరికన్నా చిన్నవాడు, పదహారేళ్లవాడు నా దగ్గరకు వచ్చి ‘టీచర్, మనం ఇప్పుడు రెండో మెట్టు మీద ఉన్నాం’ అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన వెళ్లాక మిగిలినవాళ్ల ముందు, కాలనీ నుంచి వచ్చిన 9 మంది ముందు, పిల్లలు నివేదిక చదివారు. వల తాత కూడా వచ్చాడు. తన మాట చదివినప్పుడు తల ఊపాడు. ఒక చోట ఆపి, వరద వచ్చింది ఆ యేడు కాదు, దాని ముందు యేడు అని దిద్దాడు. పిల్లలు అక్కడే కొట్టేసి మళ్లీ రాశారు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, 1990ల మొదట్లో, నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. నేనూ ఒక రాత్రిబడికి లాంతరు పట్టుకుని వెళ్లాను. మా ఊళ్లోనూ ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ వాచకంలోని కథను తమ వీధి సారా కొట్టుతో పోల్చుకున్నారు. మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన గొడవ ఎక్కడిదాకా వెళ్లిందో మీకు తెలుసు, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పడానికి వెళ్లిన మాలో ఎవరమూ సారా గురించి అడగలేదు. వాళ్లే అడిగారు. మొన్న ఆ సభలో తాత వరద సంవత్సరాన్ని దిద్దుతుంటే నాకు ఆ లాంతరు వాసన వచ్చింది.

వెళ్లిపోయే రోజు పొద్దున్న బస్సు కోసం నిలబడి ఉన్నాం. రెండు గడియారాల అబ్బాయి నోట్‌బుక్ తీసి, ‘టీచర్, మీది ఒక ఇంటర్వ్యూ బాకీ ఉంది’ అన్నాడు. ఫిబ్రవరిలో మీ తరగతిలో నిద్రపోయినవాడిని మీరు చివరిసారి ఎప్పుడు తిట్టారు, ఆ రోజు ఎలా గడిచింది? ‘ఎందుకు’ లేదు, ‘కదా’ లేదు. తప్పు పట్టడానికి చోటే లేదు. నేను దాటేస్తాను అన్నాను. వాడు తలూపి, నంబరు వేసి, ‘దాటేశారు’ అని రాసుకున్నాడు. బస్సు వచ్చింది.

వచ్చే వేసవిలో మళ్లీ పెడుతున్నారు. ఈసారి 30 మంది. పాఠం చెప్పేవాళ్లు దొరికారు, వాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. రాత్రి ఆడపిల్లల గదుల దగ్గర పడుకోవడానికి నాతో పాటు ఇద్దరు ఆడవాళ్లు కావాలి. మోటారు బాగుచేయడం వచ్చినవాళ్లు ఒకరు ఉంటే ఇంకా మంచిది. పరుపులు 25 ఉన్నాయి, ఇంకో 5 చూడాలి. మీ ఊరి నుంచి పిల్లల్ని పంపేవాళ్లు దుప్పటి, గ్లాసు తెచ్చుకోమనండి, ఆధార్ నకలు తెమ్మని మాత్రం చెప్పకండి. పేరు ఇవ్వదలచుకున్నవాళ్లు బయట బల్ల దగ్గర నన్ను కలవండి. సంతకం అక్కర్లేదు, నోటితో చెబితే చాలు.